రెండు కళ్ళతో చందమామ

“ఒంటికన్నుతో చూస్తే ఏముందన్నా, గోడకు అంటించిన బొమ్మలా ఉంటుంది. రెండు కళ్ళూ ఆనించి చూడాలి. అప్పుడు చందమామ బంతిలా ముందుకొస్తుంది. చెయ్యి చాస్తే తగులుతుందేమో అనిపిస్తుంది!”

డాబా మీద దీపం ఆర్పేసి, బైనాక్యులర్‌ను గుడ్డతో తుడుస్తూ చెప్పుకుపోతున్నాడు కండక్టరు. డ్రైవరు పిట్టగోడకు ఆనుకుని వింటున్నాడు. పన్నెండేళ్ళు ఒకే బస్సులో తిరిగారిద్దరూ. ఈ పది రోజులుగా మాత్రం డ్రైవరు ఈ వీధి ఛాయలకు రాలేదు. రావడానికి ముఖం చెల్లలేదు. ఈ సాయంత్రం కండక్టరే ఫోన్ చేసి, “ఒక్కసారి వచ్చి పో అన్నా, కొత్త వస్తువు కొన్నాను” అంటే కాదనలేకపోయాడు.

ఆ రోజు డిపోలో బస్సు వెనక్కి తీస్తుంటే, ఆపమని కండక్టరు ఈల వేశాడు. డ్రైవరుకు వినపడింది. కానీ అద్దంలో గోడ ఇంకా బారెడు దూరంలో ఉన్నట్టే తోచి, మరికాస్త వెనక్కి పోనిచ్చాడు. గోడ దగ్గర ఊడుస్తున్న ఆవిడ కాలు విరిగింది.

“ఈల వేసుంటే ఆపేవాణ్ణే” అని మేనేజరుకు రాసిచ్చాడు డ్రైవరు. కండక్టరును సస్పెండ్ చేశారు. రేపు విచారణ.

డ్రైవరు ఎడమకన్ను మసకబారడం మొదలై ఏడాది దాటింది. ఇప్పుడు బొత్తిగా చీకటి. వైద్య పరీక్షలో కుడికన్ను మూసుకోమంటే, వేళ్ళ సందులోంచి దానితోనే అక్షరాలన్నీ చదివేశాడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. తెలిస్తే ఇక స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. ముప్ఫై ఏళ్ళుగా అతనికి వచ్చిన పని అదొక్కటే.

కండక్టరు భార్య మెట్లెక్కి వచ్చి టీ ఇచ్చింది.

“అన్నయ్యగారూ, రేపు మా ఆయన గురించి ఒక మంచి మాట చెప్పండి. మీరంటే ఆఫీసులో అందరికీ గురి.”

“అలాగేనమ్మా” అన్నాడు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు.

ఆమె కిందికి వెళ్ళాక కండక్టరు నవ్వాడు. “దాని మాటలు పట్టించుకోకన్నా. తప్పు నాదేనేమో! గట్టిగా ఊదలేదేమో! ఆ గోలలో నీకెలా వినపడుతుంది?”

తిట్టినా బాగుండేదనిపించింది డ్రైవరుకు. కాలర్ పట్టుకున్నా బాగుండేది.

“తమ్ముడూ, ఆ రోజు నిజానికి...” అని మొదలుపెట్టాడు.

“ఆ రోజు సంగతి ఇప్పుడెందుకులే. ముందు ఇది చూడు.” కండక్టరు తనే బైనాక్యులర్‌ను తెచ్చి అతని కళ్ళకు ఆనించాడు. “కాస్త పైకి... ఆఁ, అక్కడే.”

కుడికంటి నిండా తెల్లని వెలుగు పరుచుకుంది. ఎడమవైపు అలవాటైన చీకటి.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“రెండు కళ్ళకూ కనపడుతోందా?”

ఒక్క క్షణం. చెప్పేద్దామా అనుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి జారిపోయింది.

“కనపడకపోవడమేమిట్రా! రెండింటికీ నిక్షేపంలా కనపడుతోంది.”

“గుండ్రంగా ఉందా మరి?”

“బంతిలా ఉంది. చెయ్యి చాస్తే తగిలేలా ఉంది” అంటూ వాడి మాటలే వాడికి అప్పజెప్పాడు డ్రైవరు. చెంపల మీద తడి తగిలింది. ఏడవడానికి మాత్రం రెండు కళ్ళూ పనికొచ్చాయి. రేపు విచారణలో అంతా ఒప్పుకోవాలి, తప్పదు అనుకున్నాడు. పది రోజులుగా రోజూ అలాగే అనుకుంటున్నాడు.

కండక్టరు బైనాక్యులర్ మీంచి చెయ్యి తీసేశాడు.

“సరే అన్నా, ఇక రేపు ఆఫీసులో కలుద్దాం” అని మెల్లగా నడిచివెళ్ళి దీపం వేశాడు.

డ్రైవరు కళ్ళు తుడుచుకుని, బైనాక్యులర్‌ను తిరిగి ఇవ్వబోతూ దానివైపు చూశాడు.

ఎడమ గొట్టానికి మూత పెట్టి ఉంది.