మచ్చల కమలా

"మొన్నటి నారింజ పులుపు. నిన్నటి బత్తాయి చప్పన. నన్ను తొందరగా పంపించేద్దామనా?" అంది అక్క, ఆసుపత్రి మంచం మీద నుంచి.

చెల్లెలికి నవ్వు రాలేదు. అక్క నోట్లోకి ముద్ద పోయి ఆరు రోజులైంది. ఏది తినగలిగితే అది పెట్టండి, ఇక పథ్యమేమీ లేదని డాక్టరు చెప్పేశాడు.

"ఇవాళ కమలాలు తెస్తాను."

"తే. కనీసం తొక్క వాసన చూస్తాను."

గేటు పక్కనే పళ్ల కొట్టు. చెల్లెలు నున్నగా మెరిసేవి ఏరుతోంది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి, ఆమె వేళ్లు తడిమి, కాయ తీసుకుంది.

ఎవరో ముసలాయన. కాయను అరచేతిలో తూచి, తొడిమ దగ్గర వాసన చూశాడు.

"తేలిగ్గా ఉందమ్మా. లోపల ఎండిపోయింది" అన్నాడు ఎటో చూస్తూ. కుప్పలో వెతికి ఇంకొకటి ఆమె సంచిలో వేశాడు. వదులు తొక్క, నిండా మచ్చలు.

ఆమె కొట్టువాడి వైపు తిరిగింది.

"మచ్చలవి అంటగట్టడానికి మనిషిని పెట్టుకున్నావా? ఆడవాళ్ల చేతులు తడమడం కూడా ఈయన పనేనా?"

నలుగురూ తిరిగి చూశారు. కొట్టువాడు ఏదో చెప్పబోయాడు.

"పోన్లేరా, ఇక రానులే" అని ముసలాయన చెయ్యి జేబులో పెట్టుకుని, గోడవారగా వెళ్లిపోయాడు.

పైన వార్డులో, చెల్లెలు మెరిసే కాయలన్నీ ఒలిచింది. అక్క ఒక్కో తొన నమిలి ఉమ్మేసింది.

"దూది" అంది.

చివరికి మచ్చల కాయ మిగిలింది. ఒలుస్తుంటే పక్క మంచం ఆవిడ కూడా ఇటు తిరిగింది.

అక్క ఒక తొన తిన్నది. కళ్లు మూసుకుని ఇంకొకటి. పది తొనలూ అయ్యాక, "ఇలాంటిది ఇంకోటి ఉందా?" అంది.

చెల్లెలు కిందికి పరుగెత్తింది. నొక్కి, వాసన చూసి, మచ్చలున్నవే నాలుగు తెచ్చింది.

నాలుగూ దూదే.

"పోన్లే, ఒకటి తిన్నానుగా" అంది అక్క.

తెల్లారేసరికి మాట పడిపోయింది. పెదవులు తడపడం తప్ప చేసేదేమీ లేదంది నర్సు.

చెల్లెలు కొట్టు తెరిచేదాకా గేటు దగ్గరే నిలబడింది.

"ఆ పెద్దాయన ఎక్కడుంటారు?"

"తెలీదమ్మా. పై వార్డువాళ్లంతా ఆయన ఏరిన కాయే అడిగేవాళ్లు."

"నాకేం తెలుసు? చెయ్యి తగిలేసరికి..."

కొట్టువాడు త్రాసు పళ్లెం తుడుస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"చూపు లేని మనిషి, చెయ్యి తగలకుండా ఎలా ఏరతాడమ్మా?"