డెమో రోజు బగ్

ఆస్పత్రుల్లో డాక్టర్లకు బదులు యంత్రాలు వచ్చేశాక, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లంతా హైదరాబాదులో సదస్సు పెట్టుకున్నారు. వేదిక మీద తన కొత్త యంత్రాన్ని చూపిస్తున్న మృదుల, దాని సెన్సర్‌పై వేలు పెట్టగానే తెర ఎర్రబడింది: "గుండెపోటు మొదలైంది."

"బగ్ సరిగ్గా డెమో రోజే రావాలా!" అని నవ్వింది. ఆ బాధ తెలిసిన హాలంతా నవ్వింది. రీస్టార్ట్ చేసినా ఎరుపే.

"ప్రభుదాస్, పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి పేషెంట్ డేటా ఇంకా తీసెయ్యలేదా?"

ల్యాప్‌టాప్ దగ్గరున్న ప్రభుదాస్ మొహం పాలిపోయింది. "పొద్దున్నే తీసేశా మేడం. తెర మీదున్నది మీ గుండెదే."

మృదుల కూలబడింది.

"డాక్టరెవరైనా ఉన్నారా?" ప్రభుదాస్ అరిచాడు.

డాక్టర్లందరినీ ఇంటికి పంపేసిన ఆ హాలు తెర వైపు చూసింది. ఎప్పుడో రాసి, ఎవరూ తీసెయ్యని పాత వాక్యం అక్కడ వెలిగింది: "వెంటనే డాక్టరును కలవండి."