ఆలాపన ఒక్కటీ చాలు

సోమల పోయే బస్సులో కిటికీ పక్క సీటు భార్య రెడ్డెమ్మకిచ్చి, అంజినప్ప తన పట్టుపంచె నలగకుండా అంచు మీద కూర్చున్నాడు. సన్మానానికి పోయేవాడు నలిగిన పంచెతో దిగితే ఏం బాగుంటుంది?

"నిజంగా నీ పాటకేనా సన్మానం?" రెడ్డెమ్మ మళ్లీ అడిగింది.

"కాకపోతే నా మొగానికా?"

తన మొహం సంగతి అతనికి బాగా తెలుసు. క్యాసెట్ అట్ట మీద ఫొటో బదులు గులాబీ పువ్వు వేయించింది అందుకే.

పుంగనూరు బజారులో అతనిది క్యాసెట్ల అంగడి. తొంభై ఏడులో, ఊరందరి పాటలూ అమ్మీ అమ్మీ, తనేం తక్కువనిపించింది. సొంతంగా విరహ గీతాలు రాసి, మదనపల్లెలో పాడి రికార్డు చేయించి, కుప్పం దాకా తిరిగి అంగడంగడికీ క్యాసెట్లు ఇచ్చొచ్చాడు. ఇచ్చినవి ఇచ్చినట్టే వెనక్కి వచ్చాయి. కుప్పం అంగడాయనైతే బస్సు చార్జీ కూడా తనే పెట్టుకుని పంపాడు.

ఇంట్లో అంతకన్నా గౌరవం. అతను గొంతు సవరించుకుంటే చాలు, రెడ్డెమ్మ మిక్సీ వేసేది. జార్లో పప్పు ఉండాలన్న నియమం కూడా లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదులే అని పైకి నవ్వేవాడు గానీ లోపల చాలా బాధగా ఉండేది. ఆమె నోట "బాగుంది" అన్న మాట ఒక్కసారి వింటే చాలనుకునేవాడు.

ఈలోగా చైనా ఫోన్లొచ్చాయి, మెమరీ కార్డులొచ్చాయి. ఎదురుగా భార్గవి అనే అమ్మాయి కంప్యూటర్ సెంటర్ పెట్టి 'డౌన్‌లోడింగ్' అని బోర్డు కట్టింది. ఒక్క మంచి పాట కోసం తొమ్మిది చెత్త పాటలు కొనే అమాయకులు మాయమయ్యారు. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు ఎక్కించుకుని పోతున్నారు. సంగీతం చచ్చిపోయిందని అంజినప్ప అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. వినడానికి కూడా ఎవరూ రాకుండా పోయాక, సిగ్గు చంపుకుని, తన క్యాసెట్ జేబులో వేసుకుని రోడ్డు దాటాడు.

"ఇదిగూడా నీ కంప్యూటర్లో ఎక్కిచ్చుకోమ్మా. ఎవురన్నా అడిగితే..."

"అడక్కపోయినా ఏస్తాలే అన్నా, కొసురుగా" అంది భార్గవి. మంచి పిల్ల.

శనక్కాయ చేలల్లో కాయ ఊరే రోజులొచ్చాయి. ఓ సాయంత్రం భార్గవి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, సోమల కాడ్నించి రైతులొస్తాండారు. కొండ కింద పల్లెలోళ్లు. ఇంకే పాటా వద్దంట, నీదే కావాలంట!"

తమాషా చేస్తోందనుకున్నాడు. అయినా మర్నాడు పోయి ఆమె అంగట్లో కూర్చున్నాడు. మునెప్ప అనే రైతు వచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఆ విరహం పాట ఎయ్యమ్మా. మొత్తం యాల? మొదుట్లో ఆయప్ప ఆలాపన తీస్తాడే, అదొక్కటీ సాలు. అదే తిరగా మరగా వచ్చేట్టు సెయ్యి."

అంజినప్ప ఒళ్లు పులకరించింది. పాట ఎవడైనా వింటాడు. ఆలాపన అడిగి వినేవాడు రసికుడు.

"ఎట్లుండాదప్పా ఆ గొంతు?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"అట్లాంటి గొంతు యాడా లేదప్పా. పొద్దుగూకినాంక పెడితే తెల్లార్లూ సేన్లో అదే. మా పల్లెలో అందురి ఫోన్లలోనూ అదే."

ఇక దాచడం అతని వల్ల కాలేదు. "అది పాడిండేది నేనేనప్పా!"

మునెప్ప అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. పంట ఇంటికి చేరగానే ఊరంతా కలిసి సన్మానం చేస్తామన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో మిక్సీ ఉన్నవాడు రచ్చ నుంచే మొదలుపెట్టాలి. అందుకే రెడ్డెమ్మను బతిమాలి బస్సెక్కించాడు.

పల్లెవాళ్లు పలక డప్పులు కొట్టుకుంటూ ఎదురొచ్చారు. బడి ముందర కుర్చీలు వేసి ఇద్దర్నీ కూర్చోబెట్టారు. పూలమాల వేశారు, శాలువా కప్పారు, శనక్కాయల మూట తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు. ఒక ముసలామె చేతులెత్తి మొక్కింది కూడా.

అంజినప్ప ఓరగా భార్య వైపు చూశాడు. రెడ్డెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఇంత మందికి ఇంత బాగుంటే, ఇన్నాళ్లూ నాకే తెలీకపాయనే" అంది మెల్లగా.

ఆ ఒక్క మాటతో అతని జన్మ ధన్యమైపోయింది.

మునెప్ప మైకు అందుకుని రెడ్డెమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"ఈయప్ప ఆలాపన పెట్టినప్పట్నించీ, తల్లీ, ఒక్క అడివిపంది గూడా మా సెనక్కాయ సేన్ల పక్క తొంగి సూడలా!"