గంట కింద గది

"పైన గంట కింద గది ఖాళీగా ఉందా బాబూ?"

హోటలాయన తలెత్తి చూశాడు. డెబ్బై దాటిన మనిషి. భుజాన గుడ్డసంచి.

"ఖాళీయే మామ్మగారూ. కానీ ఇవ్వం."

"అదేం?"

"ఒకాయన కోసం ఉంచాం."

ఎవరా ఒకాయన అని అడిగితే చాలు, హోటలాయన చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేస్తాడు. అడక్కపోయినా వదిలేస్తాడు. ఇప్పుడూ అంతే.

అరవై ఏళ్ల కిందట నది పొంగి చుట్టుపక్కల ఊళ్లన్నీ మునిగాయి. మెరక మీదున్న ఈ హోటలొక్కటే నీళ్లలో నిలబడింది. కన్ను పొడుచుకున్నా కనపడని ఆ చీకట్లో ఎవరో మేడెక్కి, భోజనాల గంట తెల్లవార్లూ కొట్టారు. ఆ చప్పుడు పట్టుకుని పడవలు ఒక్కొక్కటే ఇక్కడికి చేరాయి. ఒక పడవలో, పుట్టింటి నుంచి భార్యనీ నెలల బిడ్డనీ తీసుకొస్తున్న అప్పటి యజమాని, అంటే ఈయన తాత, ఉన్నాడు. ఆ బిడ్డే హోటలాయన తండ్రి.

"తాడు తెగినా గంట ఆగలేదు మామ్మగారూ. గొంతు మారిందంతే. తెల్లారాక తాత మేడెక్కితే అక్కడెవరూ లేరు. జనమంతా తలో పడవెక్కి తలో దిక్కూ పోయారు. మా నాన్న ఆయన కోసం తిరగని ఊరు లేదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, 'ఆయన్ని తీసుకొచ్చి ఆ గదిలో ఒక్క రాత్రి పడుకోబెట్టరా' అన్నాడు."

ఇక్కడికొచ్చేసరికి హోటలాయన గోడ వైపు తిరిగి దణ్ణం పెడతాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ముసలావిడ గోడకున్న పటం వైపు చూసింది. కండలు తిరిగిన మనిషి, గుబురు మీసాలు, చేతిలో గంట తాడు.

"ఈయనేనా?"

"ఆయనే."

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్లేదు. బొమ్మలాయన ఊహించి వేశాడు. తెల్లవార్లూ గంట కొట్టడమంటే మాటలా? అంత మొనగాడై ఉండాలి."

"మీసాలు బాగా కుదిరాయి" అందావిడ.

నవ్విందో లేదో హోటలాయన చూసుకోలేదు. రేపు హోటలుకి నూరేళ్ల వేడుక. గదులన్నీ నిండిపోయాయి. బయట కుర్చీలు దింపుతున్నారు.

"ఏమీ అనుకోకండి. ఇంకో రోజైతే వేరే గదిచ్చేవాణ్ణి."

"ఫరవాలేదు నాయనా. నేనొచ్చింది గది కోసమే కాదు. మీ వంటింటి వస్తువొకటి నా దగ్గరుండిపోయింది."

సంచిలోంచి పాత ఇనప గరిటె తీసి బల్ల మీద పెట్టింది.

గరిటె కోసం ఇంత దూరమా అని హోటలాయనకి లోపల్లోపల నవ్వొచ్చింది. పాతకాలం మనుషులు, వాళ్ల లెక్కలు వాళ్లవి. వంటాయన్ని పిలిచి దాన్ని లోపలికి పంపేశాడు. ఆవిడకి మంచినీళ్లిప్పించాడు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆయనొస్తే గది తప్పకుండా ఇవ్వు బాబూ. పాపం, అలిసిపోయుంటాడు."

సాయంత్రం గంట కొట్టే వేళకి వంటాయన గరిటె పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇది కూరకి పనికిరాదండీ. దీంతో ఎవరో సమ్మెట పని చేసినట్టున్నారు. ఒక పక్కంతా అణిగిపోయింది."

"ఐతే అవతల పారెయ్."

"కాడ మీద మన ముద్రే ఉందండీ. ఇప్పటిది కాదు, మీ తాతగారి నాటిది."

హోటలాయన గరిటె అందుకుని అలాగే మేడెక్కాడు. ఆ ఇంట్లో సాయంత్రం గంట యజమానే కొట్టాలి.

గంట అంచున వరుసగా నొక్కులున్నాయి. వరదలో కొట్టుకొచ్చిన దుంగలు తగిలి పడ్డాయని తాత చెప్పేవాడు. మేడ మీదికి దుంగలెలా ఎక్కాయని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

అతను తాడు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

మెల్లగా గరిటెని ఒక నొక్కులో ఆనించాడు. సరిగ్గా కూర్చుంది. పక్కదాంట్లో పెట్టాడు. అందులోనూ కూర్చుంది.

గబగబా పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. అక్కణ్ణించి వంతెన కనపడుతోంది. దాని మీద బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

నాన్న బతికినన్నాళ్లూ వెతికిన ఆ మీసాలాయన, తన గది తనే అడిగి, లేదనిపించుకుని, సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది.