ఎరిగిన పిలుపు

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు.

జగ్గయ్యపేట ఊరు దాటాక, శ్మశానానికి సగం దారిలో ఉంటుంది ఆ చోటు. పోయిన మనిషిని అయినవాళ్ళు అక్కడ చెవి దగ్గర ముమ్మారు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే, ఎరిగిన గొంతు విని లేస్తాడని ఒక ఆశ.

డప్పులు ఆగాయి.

భవానీప్రసాద్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నందిగామ కోర్టులో పేరున్న ప్లీడరు. తండ్రి చెవి దగ్గరకి వంగి మూడుసార్లు "నాన్నా" అని పిలిచాడు.

జగన్నాథరావు లేవలేదు.

"ఇంకెవరైనా దగ్గరివాళ్ళుంటే పిలవండి" అన్నాడు బంధువుల్లో పెద్దవాడైన వెంకటరత్నం.



జగన్నాథరావు 'గారు' లేకుండా పిలిస్తే పలికే మనిషి కాదు. సొంత బావమరుదులు కూడా గారు అనేవాళ్ళు. అలాంటి మనిషి చెవిలో ఇప్పుడు ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదు. చనువుగా పిలవగలిగింది ఒక్క అక్కగారే. ఆవిడ మైలవరం నుంచి ఇంకా రాలేదు.

అప్పుడు డప్పుల వెనక నుంచి ఒక ముసలామె ముందుకు వచ్చింది.

వెలిసిన నేతచీర. చెప్పుల్లేని కాళ్ళు. శవం వెనక ఆడవాళ్ళు సాధారణంగా రారు. ఈమె మాత్రం ఊళ్ళోంచి దూరదూరంగా నడుచుకుంటూ వచ్చేసింది. పొద్దున ఇంటి పెరటి గుమ్మంలో నిలబడి, ఒక్కసారి మొహం చూసి పోతానని అడిగింది. కూలీలందరూ తర్వాత చూద్దురుగాని అని కోడలు ప్రమీలారాణి ఆపింది. ఆ తర్వాత అనేది రాకుండానే, పాడె వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

ముసలామె శవం చెవి దగ్గరగా వంగింది.

"ఒరే జగ్గా. లెగరా."

చుట్టూ ఉన్నవాళ్ళు బిగుసుకుపోయారు.

ఆమె రెండోసారి నోరు తెరిచేలోగా భవానీప్రసాద్ రెక్క పట్టుకుని లేపాడు.

"ఏమే, మా నాన్నని ఒరే అంటావా? గారు అనడం తెలియదా నీకు?"

"తెలుసయ్యా. తమర్ని అనమంటే అంటా. ఆడ్ని ఎప్పుడూ అట్టా పిలవలా."

ఆడు అన్న మాటతో కలకలం రేగింది. తాగి వచ్చి ఉంటుందని ఒకరన్నారు. చావు దగ్గర కూడా వీళ్ళకి మర్యాద లేకుండా పోయిందని ఇంకొకరన్నారు. ఎవరు నువ్వని అడిగితే, లూర్దమ్మనని, గరికపాటి నుంచి బస్సెక్కి వచ్చానని చెప్పింది. అక్కడున్న వాళ్ళలో ఆ పేరు ఎవరూ వినలేదు.

వెంకటరత్నం సర్దిచెప్పబోయాడు.

"పోనీలే ప్రసాదూ, ముసలిది. ఇదిగో, అయ్యగారూ అని మూడుసార్లు పిలిచి పక్కకి పో."

లూర్దమ్మ తలూపింది. మళ్ళీ వంగింది.

ఈసారి ఎలా పిలుస్తుందో విందామని అందరూ చెవులు రిక్కించారు.

"అయ్య..."

అక్కడే ఆగిపోయింది. శవం కంటి మీద పడిన బంతిరేకును వేలి కొసతో తీసింది. మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు.

"అట్టా పిలిస్తే నేనని ఆడికి తెలవదయ్యా" అంది మెల్లగా.

భవానీప్రసాద్ చెయ్యి ఊపాడు.

డప్పులు మోగాయి. పాడె లేచింది. నలుగురూ ఆమెను దాటుకుని వెళ్ళారు. దుమ్ములో నిలబడి ఆమె ఏదో అంటూనే ఉంది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

*

అందరూ స్నానాలు చేసి ఇల్లు చేరాక మైలవరం నుంచి రత్తమ్మ వచ్చింది. తమ్ముడి మొహం చూడలేకపోయానని వసారాలో కూలబడి ఏడ్చింది. ఆఖరి రోజుల్లో ఎలా ఉన్నాడని కోడల్ని అడిగింది.

నోరు పడిపోయిందని, ఏం కావాలన్నా చేత్తోనే చూపించేవారని ప్రమీలారాణి చెప్పింది. పెరటి తలుపు మూస్తే ఊరుకునేవారు కాదట. గాలి కోసం కాబోలని తీసి ఉంచేవాళ్ళట.

రత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. దింపుడు కళ్ళం దగ్గర ఎవరెవరు పిలిచారని అడిగింది.

తాను పిలిచానన్నాడు భవానీప్రసాద్. ముసలామె సంగతి కూడా చెప్పాడు. చెబుతుంటే మళ్ళీ కోపం వచ్చింది.

"ఎవరో లూర్దమ్మట. గరికపాడట. ఊరందరి ముందు నాన్నని ఒరే అంది అత్తయ్యా."

రత్తమ్మ ఏడుపు ఆగిపోయింది.

"ఎన్నిసార్లు పిలవనిచ్చావురా?"

"ఒక్కసారి."

రత్తమ్మ లేచింది. గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళి, పెరటి తలుపు గడియ తీసింది.

బయట ఎవరూ లేరు.

"కొడుకు దగ్గరికి గరికపాడు వెళ్ళిపోయేదాకా ఈ గుమ్మంలోనే నిలబడి మీ నాన్నని పిలిచేది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు" అంది. "ఆవుపాలతో పెరిగాడని మీ తాత ఊరందరికీ చెప్పుకున్నాడు."

భవానీప్రసాద్ గుమ్మం దాకా వచ్చాడు.

"పురిట్లోనే మా అమ్మ పోతే, మీ నాన్నకి చన్నిచ్చి బతికించిన తల్లిరా ఆమె."