దొర గుర్తుపట్టిన మొహం

దొరగారి పడక కుర్చీలో గుర్రు కొట్టి నిద్రపోయింది ఏబేలు. దొర పనిలోంచి తీసేసింది మాత్రం యాకోబును.

గిద్దలూరు రైలు స్టేషను పక్క తెల్లదొర బంగళాలో నిన్న సాయంత్రం జరిగిందది. దొర అరుపుకు ఏబేలు లేచి గోడ దూకాడు. అప్పుడే నీళ్ళ కావడితో యాకోబు దొరకు ఎదురొచ్చాడు. "నీ మొహం చూసినాను. పనిలోకి రావద్దు, పో!" అన్నాడు దొర.

"ఏం చూసినాడు బావా నా మొహం?" తెల్లారి బంగళా గేటు దగ్గర యాకోబు ఏడుపు మొహంతో అడిగాడు. "నీవు తాటిచెట్టంత ఉండావు. నేను రోలంత ఉండాను."

"నాకు మీసముంది. నీకు బుగ్గ నిండా అమ్మోరు మచ్చలు."

"మన గురవయ్య మందలో ఏ గొర్రె ఏదో మొహం చూసి చెప్తాడే! ఇంత చదివిన దొరకు ఇద్దరు మనుషులు తెలీలేదా?"

"తెల్లోళ్ళకు మనమంతా ఒక్కటేరా. నల్లగా ఉంటే చాలు."

"నీకేం, నవ్వుతావు. పని పోయిందంటే మా నాయన నన్ను ఇంట్లోకి రానీడు."

ఏబేలుకు సిగ్గేసింది. "పద. నేనే ఒప్పుకుంటా."

వసారాలో దొర కాఫీ తాగుతున్నాడు. ఏబేలు చేతులు కట్టుకున్నాడు.

"దొరా, మీ కుర్చీలో పండుకున్నది నేను. వీడు కాదు. ఈసారి సరిగ్గా చూడండి. ఇది నా మొహం, అది వాడి మొహం."

అంటూ మీసం మెలేసి చూపించాడు. యాకోబు మచ్చల బుగ్గ తిప్పి చూపించాడు. దొర ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెద్దగా నవ్వి తలూపాడు. చెరొక బిస్కత్తు చేతిలో పెట్టాడు.

"పని నిలిచింది బావా!" యాకోబు ఎగిరి గంతేశాడు.

"చూపిస్తేగానీ తెలీలేదు. ఏం కళ్ళురా అవి!"

నవ్వుకుంటూ పెరట్లోకి వస్తే వంట మగ్దలీనమ్మ అడ్డమొచ్చింది. "ఎవరితోరా అంతసేపు మాటలు?"

"మన దొరతోనే అత్తా. యాకోబును మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు."

"మన దొర పొద్దున్నే కంభం పోయినాడు గదరా! ఈయనెవరో రైలు తప్పి ఇక్కడ దిగినాడు, తెలుగు ముక్క రాదు."

ఇద్దరూ బిస్కత్తు నమలడం ఆపేశారు.

మగ్దలీనమ్మ నెత్తి కొట్టుకుంది. "మన దొరకు బొడ్డు దాకా ఎర్రగడ్డం ఉంటది గదరా!"