ఎదురొచ్చిన మనిషి

కారు గేటు దాటుతుండగా ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు.

"ఆపు," అంది కస్తూరి డ్రైవరుతో. "విధవ ఎదురొచ్చింది. లోపలికి తిప్పు."

వెనక సీట్లో కోడలు ప్రత్యూష రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. కరోనా టీకా వేయించుకుని తొమ్మిది రోజులైంది. నాలుగు రోజులుగా తలనొప్పి. సూర్యాపేట డాక్టరు ఫోనులో వెంటనే తీసుకురమ్మన్నాడు. భర్త వెంకటేష్ ధాన్యం పని మీద కోదాడలో ఉన్నాడు.

మామ నాగేశ్వర్ రావుకు మిర్యాలగూడలో రెండు రైసు మిల్లులు. కోడలిని కారు దింపి అరుగు మీద కూర్చోబెట్టాడు. కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలట.

గేటు దగ్గర ఆ మనిషి కదలలేదు.

"సేట్, జర ఇనండి. టీకా మంచిదే, నేను సుత ఏసుకున్న. లక్షలల్ల ఒక్కరికి రక్తం గడ్డ కడ్తదట. తలనొప్పి తగ్గకపోతే, కాళ్ల మీద ఎర్ర సుక్కలొస్తే ఆగొద్దు."

"మామయ్యా, నాకు సుక్కలున్నయ్," అంది ప్రత్యూష.

"దాని మాటలు పట్టించుకోకు," అన్నాడు నాగేశ్వర్ రావు. చెంబెడు నీళ్లు తెచ్చి గేటు దగ్గరి మనిషి కాళ్ల దగ్గర కొట్టాడు. చీర తడిసింది. "పో ఈడికెళ్లి."

"పోత సేట్. కోడలమ్మను మాత్రం ఇయ్యాల్నే తోల్కపోండి."

అంతలో రాహుకాలం వచ్చింది. అది పోతే వర్జ్యం.

"పొద్దుగాల మంచి గడియ ఉన్నది, అప్పుడు పోదాం," అని తేల్చింది కస్తూరి.

ప్రత్యూష పోదామని ఇంకో రెండుసార్లు అడిగింది. డిగ్రీలు చదివిన ఇల్లు, రెండు కార్లున్న ఇల్లు. తలుచుకుంటే రోత పుడుతుంది.

తెల్లారి సూర్యాపేట చేరేసరికి ఆమెకు స్పృహ లేదు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

"మెదడుల రక్తం గడ్డ కట్టింది. నిన్ననే తెస్తే బతికేదేమో," అన్నాడు డాక్టరు. "మీ ఊర్ల కమ్లి అని ఒకామె టీకా ఏసుకున్నోళ్ల ఇండ్లన్నీ తిరుగుతున్నది. మీ ఇంటికి రాలేదా?"



"వచ్చింది," అంది కస్తూరి నేల చూస్తూ. "ఎవరామె?"

"ఏప్రిల్‌ల మా దవాఖానల ఇదే జబ్బుతోటి పోయిన ఫూల్‌సింగ్ భార్య. తలనొప్పని మూడు రోజులు సెలవడిగినా ఇయ్యకుండ ఆయనతోటి బస్తాలు మోయించిండ్రట, మీ మిల్లులోనే."